రేకుల ఇళ్ల ఒప్పందం

విశ్వవిద్యాలయంలో తన కోడలు చేసే పనేమిటో ఆగమ్మకు ఎన్నేళ్లయినా సరిగ్గా అంతుబట్టలేదు. ఎవరైనా అడిగితే, "మా స్వరూప కాలేజీల పంచాయితీలు తెంపుతది" అని చెప్పేది. స్వరూప మొదట్లో నవ్వి సరిదిద్దేది. పోనుపోను, అంతకంటే మంచి మాట తనకే దొరకక ఊరుకుంది.

ఆమె ఉండేది పరిశోధన ఒప్పందాల విభాగంలో. బయటి కంపెనీ ఏదైనా ఒక ప్రొఫెసరు పరిశోధనకు డబ్బు పెడతానని వస్తే, ముందుగా ఇద్దరి మధ్య ఒప్పందం కుదరాలి. కనిపెట్టింది ఎవరి సొంతం, దాని గురించి లోకానికి ఎవరు ఎప్పుడు చెప్పవచ్చు, ఎవరికైనా హాని జరిగితే బాధ్యత ఎవరిది, తగువొస్తే ఏ ఊరి కోర్టుకు పోవాలి - ఇవన్నీ ముందే రాసుకోవాలి. కంపెనీ ఒక ముసాయిదా పంపుతుంది. విశ్వవిద్యాలయం కొన్ని మాటలు కొట్టేసి, కొన్ని చేర్చి వెనక్కి పంపుతుంది. వాళ్లు మళ్లీ కొడతారు. నెలల తరబడి సాగే ఈ వ్యవహారం నడిచేదంతా స్వరూప బల్ల మీదుగానే. పెళ్లి కుదిరితే పేరు పెద్దలది, చెడితే నింద మధ్యవర్తిది అన్నట్టు ఉండేది ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఆమె కోరుకుని వచ్చింది కాదు. తండ్రి అదే విశ్వవిద్యాలయంలో అటెండరు. ఉద్యోగంలో ఉండగానే చనిపోతే, ఇంటర్ చదివిన పెద్ద కూతురు స్వరూపకు కారుణ్య కోటాలో టైపిస్టు పని ఇచ్చారు. ఫలక్‌నుమా నుంచి లోకల్ రైల్లో వెళ్లి వస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. ఇంగ్లీషు ఉత్తరాలు తప్పుల్లేకుండా రాస్తుందని ఒక రిజిస్ట్రారు ఆమెను పరిశోధన విభాగానికి మార్చాడు. అప్పట్లో అక్కడ ఫైళ్లు తక్కువ, దుమ్ము ఎక్కువ. ప్రభుత్వం నుంచి నిధులు తగ్గేకొద్దీ కంపెనీల ఫైళ్లు పెరిగాయి. ఇప్పుడామె అక్కడ సూపరింటెండెంటు.

భర్త డానియేలుది ఫలక్‌నుమా స్టేషను దగ్గర వెల్డింగు దుకాణం. ఇద్దరూ కష్టపడి జల్‌పల్లిలో చిన్న జాగా కొని, రెండు గదులు కట్టుకుని, పైన రేకులు వేసుకున్నారు. ఆ కాలనీలో అన్నీ రేకుల ఇళ్లే. మార్చి దాటితే మధ్యాహ్నం ఇంట్లో కూర్చోవడమంటే మూత పెట్టిన గిన్నెలో కూర్చోవడమే.

అందుకే ప్రకాశం సారు ఎండను వెనక్కి కొట్టే తెల్లపూత ఒకటి తయారుచేశాడని, దాన్ని పరీక్షించడానికి ఇళ్లు వెతుకుతున్నాడని తెలియగానే స్వరూప తనంతట తానే వెళ్లి చెప్పింది. "సర్, మా కాలనీకి రండి. ఎన్ని రేకులు కావాలంటే అన్ని ఉన్నయి."

ప్రకాశం సారు రసాయనశాస్త్రంలో ప్రొఫెసరు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నుజహత్‌ది పత్తర్‌గట్టి. తండ్రికి అక్కడ బట్టల దుకాణం ఉంది. ఆ పిల్ల ఎండలో గడప గడపకూ తిరిగి, ఇళ్లవాళ్లతో మాట్లాడి, కొన్ని కప్పులకు పూత వేయించింది. లోపల వేడిని కొలిచే చిన్న పరికరాలు తగిలించింది. వారం వారం వచ్చి ఎవరి ఇంటి లెక్క వాళ్లకు చెప్పేది. స్వరూప వాళ్ల సందు చివర గులాం నబీకి ఇనుప బీరువాల షెడ్డు ఉంది. ఏ వేళకు షెడ్డు ఎంత కాగుతుందో తెలిశాక, ఆయన రంగు కొట్టే పనంతా పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం పనివాళ్లను నీడకు పంపేవాడు. పూత వేసిన ఇళ్లలో తేడా తెలిసింది. ఆగమ్మ మధ్యాహ్నం పూట మంచం మీద కునుకు తీసింది.

అయితే ఒక చిక్కు కూడా బయటపడింది. వానాకాలంలో ఎల్లమ్మ ఇంటి రేకుల మీది పూత అక్కడక్కడా పొట్టులా లేచింది. మున్సిపాలిటీలో ఊడ్చే పనిచేసే ఎల్లమ్మ, కప్పు మీంచి కారే వాన నీళ్లను డ్రమ్ములో పట్టి గిన్నెలు తోముకునేది. ఆ నీళ్లలో తెల్లటి పొట్టు తేలింది. నుజహత్ ఆ నీళ్లను సీసాలో పట్టుకెళ్లింది కానీ, పరీక్షించాల్సిన యంత్రం ప్రయోగశాలలో ఎప్పటి నుంచో పాడై పడి ఉంది.

ఇంతలో ఒక రంగుల కంపెనీ ముందుకొచ్చింది. కాలనీ మొత్తానికి పూత వేయిస్తాం, రెండేళ్ల పరిశోధనకు ఖర్చు పెడతాం, విద్యార్థులకు ఫెలోషిప్ ఇస్తాం, కొత్త యంత్రం కొనిస్తాం అంది. ప్రకాశం సారు ఆ రోజు విభాగమంతటికీ చాయ్ తాగించాడు.

ముసాయిదా వచ్చింది. స్వరూప చదివి, నుజహత్‌ను పిలిచి ఒక పేరా చూపించింది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఫలితాన్నీ ప్రచురించకూడదు. దాని కిందే ఇంకొకటి ఉంది: ఏ ఫలితాన్నీ మూడో వ్యక్తికి తెలపకూడదు. ఆ మూడో వ్యక్తుల్లో ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు.

నుజహత్ రెండుసార్లు చదివింది. "స్వరూపక్కా, గిది నిజంగనే రాసిన్రా? పర్మిషన్ ఇయ్యకపోతే నా థీసిస్ ఏం గావాలె? గులాం చాచాకు ఆయన షెడ్డుల వేడి ఎంతుందో ఆయనకే చెప్పొద్దా?"

"గది వాళ్ల మొదటి మాట బేటా. బేరంల మొదలు ఆకాశంల చెప్తరు. మనం నేల మీదికి గుంజాలె."

"మా అబ్బా దుకాన్ల ఎంత పెద్ద బేరమైనా ఒక చాయ్ తాగేలోపల తెగుతది."

"ఆడ నచ్చకపోతే గిరాకి లేచిపోతడు. ఈడ లేచిపోదామంటే మన సార్ ఒప్పుకోడు. గదే లొల్లి," అంది స్వరూప.

ఆమె ఆ పేరాలను కొట్టేసి, తనకు న్యాయమనిపించినట్టు రాసింది. పేపరు అచ్చుకు పంపే ముందు కంపెనీకి చూపిస్తాం. అరవై రోజుల్లో వాళ్లు చదివి, తమ రహస్యం ఏదైనా అందులో పొరపాటున పడితే తీసేయమని అడగవచ్చు. పేటెంటు వేసుకోవాలంటే ఇంకో తొంభై రోజులు ఆపమనవచ్చు. అంతేగానీ వద్దనే హక్కు మాత్రం లేదు. ఎవరి ఇంటి సంగతి ఆ ఇంటివాళ్లకు చెప్పాలి. ఆరోగ్యానికి సంబంధించింది ఏది తేలినా వెంటనే చెప్పాలి.

పైకి పంపింది. విశ్వవిద్యాలయం తరఫు న్యాయవాది వారాల తరబడి దగ్గర పెట్టుకుని, చివరికి ఒకే ఒక్క సవరణతో తిప్పి పంపాడు: విశ్వవిద్యాలయం పేరు ప్రతిచోటా పూర్తిగా రాయాలి. రిజిస్ట్రారు పేజీలు తిరగేసి, "మన వాటా తగ్గలేదు కదా? మిగతావి మీరు చూసుకోండి" అన్నాడు. ప్రకాశం సారు అయితే ఎదురుపడినప్పుడల్లా ఒకటే పాట. "చిన్న చిన్నవి పట్టుకుని కూర్చుంటే కంపెనీ పోతది స్వరూపమ్మా."

కంపెనీతో వీడియోలో సమావేశం పెట్టారు. అవతల ముంబయి నుంచి వాళ్ల లాయరమ్మ, పక్కన మేనేజరు వైకుంఠం. లాయరమ్మ ఇంగ్లీషులో మర్యాదగానే మాట్లాడింది. ముందే అచ్చయితే పోటీ కంపెనీ చూసి అదే పూత చేసుకుంటుంది కదా, మేం డబ్బు పెట్టి లాభమేమిటి అంది. అందులో నిజముందని స్వరూపకూ తెలుసు. అందుకే పేటెంటుకు గడువు రాశానని వివరించింది. లాయరమ్మ తల ఊపింది. ఒడ్డు దగ్గరికి వచ్చినట్టే అనిపించింది.

అప్పుడు వైకుంఠం గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, సూటిగా అడుగుతాను. రెండేళ్లయ్యాక ఈ పూత పనిచేయదని తేలిందనుకోండి. అది కూడా పేపర్లో వేస్తారా?"

"వేస్తారండీ," అంది స్వరూప.

సరిగ్గా అదే క్షణంలో పక్కనున్న ప్రకాశం సారు, "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం లెండి" అన్నాడు.

అవతలివాళ్లకు ఆ రెండో మాటే వినిపించింది. వైకుంఠం నవ్వి, పైవాళ్లను అడిగి చెబుతామన్నాడు. స్వరూప బల్ల కింద పిడికిలి బిగించింది. ఇంతసేపూ తను పేర్చుకుంటూ వచ్చిన గోడలో సారు తన చేత్తోనే తలుపు పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చిన ముసాయిదాలో పాత పేరాలు మళ్లీ యథాతథంగా కూర్చున్నాయి. స్వరూప ఒళ్లు మండి లాయరమ్మకు ఫోను చేసింది. లాయరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ ప్రొఫెసరు గారు అన్నిటికీ ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పెట్టారు కదా. మీకు తెలియదా?"

స్వరూప ఫోను పెట్టేసి నేరుగా ప్రయోగశాలకు వెళ్లింది. సారు ఆ పాడైన యంత్రం పక్కనే కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు.

"సర్, నేను అటు గుంజుతుంటే మీరు ఇటు తాడు ఇడిసిపెడితిరి. ఇగ నేనెందుకు? టైపు చేయనీకా?"

ఆయనకు కోపం రాలేదు. అదే ఆమెను ఇంకా చికాకు పెట్టింది. "చూడమ్మా, ఈ మిషన్ ఆగిపోయి ఎన్ని రోజులైందో నీకు తెలుసు. సర్కారుకు రాసి రాసి చేతులు పడిపోయినయి. నా దగ్గరున్న పిల్లలకు ఫెలోషిప్ అయిపోతున్నది. నాకు రిటైర్మెంట్ దగ్గరకొచ్చె. ఈ ఒక్కటి పోతే ఇంకొకటి రాదు."

"మరి నుజహత్ థీసిస్?"

"అడిగితే పర్మిషన్ ఇస్తరు. వాళ్లేమన్న రాక్షసులా?"

"రాక్షసులు కాదు సర్, కంపెనోళ్లు. ఇచ్చేటట్టయితే రాయనీకి ఎందుకు భయపడుతున్నరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్వరూప తన బల్లకు వచ్చి, ప్రొఫెసరు మాట విశ్వవిద్యాలయం మాట కాదని, రిజిస్ట్రారు సంతకమే చెల్లుతుందని కంపెనీకి రాసింది. దాంతో ఇంకో నెల గడిచింది. సారు ఆమెతో మాట్లాడటం మానేశాడు. వరండాలో ఎదురైతే గోడ వైపు చూస్తూ పోయేవాడు.

ఇంటికి వస్తే ఇంకొక పోరు. సందు మలుపులో గులాం నబీ ఆపేవాడు. "ఏమాయె బెహన్? ఎండలు మొదలైనయి. ఆ పాత పూత సగం లేచిపోయింది. కొత్తది ఎప్పుడేస్తరు?"

"మాటలు నడుస్తున్నయి భాయ్."

"ఏంది గా మాటలు? వేస్తమని వాళ్లంటున్నరు, వేయించుకుంటమని మేమంటున్నం. నడుమల మాటలెందుకు?"

ఆమె చెప్పలేకపోయేది. బేరం సాగుతున్నంత కాలం బయట నోరెత్తకూడదని రెండు పక్షాలూ మొదట్లోనే సంతకాలు చేసుకున్నాయి. అన్నం దగ్గర డానియేలు కూడా అడిగాడు. "నువ్వు ఆపుతున్నవని బస్తీల అనుకుంటున్నరు. నిజమేనా?"

"నిజమే," అని చేయి కడుక్కుని లేచిపోయింది స్వరూప.

ఏప్రిల్‌లో సంతకానికి ముందు ఒకసారి స్థలం చూస్తామని కంపెనీ కబురు చేసింది. లాయరమ్మ, వైకుంఠం విమానం దిగి నేరుగా జల్‌పల్లి వచ్చారు. మిట్టమధ్యాహ్నం. గులాం నబీ మర్యాద తప్పనివ్వకుండా షెడ్డులో కుర్చీలు వేయించి, షర్బత్ తెప్పించాడు. ఆ రేకుల కింద కాసేపటికే వైకుంఠం చొక్కా వీపుకు అతుక్కుపోయింది. లాయరమ్మ పైట చెంగుతో విసురుకుంటూ, మనుషులు ఇక్కడ రోజంతా పనిచేస్తారా అని నుజహత్‌ను అడిగింది.

కార్లు చూసి ఎల్లమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతిలో వాన నీళ్లు పట్టి దాచిన సీసా ఉంది. అడుగున తెల్లటి పొట్టు.

"మీరు రంగు కంపెనోళ్లట గద. గీ పొట్టు నీళ్లల్ల కలిస్తే మంచిదేనా? వానొస్తే నా మనుమరాలు గవే నీళ్లతోని మొఖం కడుగుతది. అడిగితే ఈ పిల్ల మిషన్ ఖరాబైందంటది."

వైకుంఠం ఫోను వైపు చూశాడు. లాయరమ్మ స్వరూప వైపు తిరిగి, ఆవిడ ఏమంటోంది అని అడిగింది. స్వరూప ఒక్క మాట తగ్గించకుండా, పెంచకుండా ఇంగ్లీషులో చెప్పింది. లాయరమ్మ సీసా అందుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "దీన్ని ఎవరూ పరీక్షించలేదా?" అంది. నుజహత్ లేదని తల అడ్డంగా ఊపింది.

తిరుగుదారిలో కారులో లాయరమ్మ వైకుంఠంతో చాలాసేపు గట్టిగా మాట్లాడింది. రేపు ఎవరికైనా జబ్బు చేసి, ఇళ్లవాళ్లకు చెప్పకూడదని మన ఒప్పందంలో రాసుకున్న సంగతి బయటపడితే ఏ కోర్టూ మనల్ని వదలదు, ఆ పేరా ఉంటే నేను సంతకానికి పంపను అంది. ముందు సీట్లో కూర్చున్న స్వరూప అంతా వింది. సంతోషపడాల్సిన మాటే. కానీ ఆమెకు సంతోషం రాలేదు. ఇది న్యాయం కాదు అని ఆమె నెలల తరబడి రాసింది, ఎవరికీ ఎక్కలేదు. కంపెనీకి ప్రమాదం అనేసరికి ఒక్క పూటలో ఎక్కేసింది. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే మొదటి రోజే న్యాయం మాట పక్కనపెట్టి భయం మాటే చెప్పేది.

ఆ తర్వాత బేరం త్వరగానే తెగింది. ఇళ్లవాళ్ల పేరా ఆమె రాసినట్టే నిలిచింది. పేపర్లను వద్దనే హక్కు కంపెనీ వదులుకుంది. బదులుగా పూత అమ్ముకునే హక్కు మొత్తం వాళ్లు పట్టుకుపోయారు, తగువులన్నీ ముంబయి కోర్టులోనే అని రాయించుకున్నారు. స్వరూప దానికీ పెనుగులాడబోతే రిజిస్ట్రారు చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలమ్మా. ఇంక లాగితే తెగుతుంది."

కంపెనీ సంతకం చేసి పంపింది. ఇక విశ్వవిద్యాలయం లోపలి గొడవ మిగిలింది. ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్తే, ముంబయి కోర్టుకు ఎవరు ఒప్పుకున్నారని అక్కడొక ప్రశ్న. దానికి జవాబు రాస్తే, న్యాయవాది మళ్లీ చూడాలన్నారు. ఆయన చూసేసరికి, రిజిస్ట్రారు సంతకానికి ముందు ఆమోదం ఇవ్వాల్సిన వైస్ చాన్సలర్ పదవీకాలం ముగిసింది. ఇన్‌చార్జిగా వచ్చినాయన పెద్ద ఫైళ్ల మీద సంతకం పెట్టనన్నాడు. స్వరూప రోజూ ఒక గది ముందు నిలబడేది. బయటి కంపెనీతో పోట్లాడినప్పుడు ఎదుటివాడెవడో తెలిసేది. ఇక్కడ ఎవరితో పోట్లాడాలో తెలియదు. ప్రతివాడూ మంచివాడే, ప్రతివాడూ "నా దగ్గర ఆగలేదమ్మా" అనేవాడే.

జూన్‌లో వానలు పడ్డాయి. తడి రేకుల మీద ఆ పూత అంటుకోదు. వానలు, మంచు తగ్గే ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే.

నుజహత్ ఫెలోషిప్ ఆ నెలతో ఆగిపోయింది. ఇంటర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరుతున్నానని చెప్పడానికి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. ఇళ్ల పాత లెక్కలతోనే థీసిస్ రాసుకుంటానంది.

"ఇంకొన్ని రోజులు ఆగరాదు బేటా? సంతకమైతే కొత్త ఫెలోషిప్ వస్తది."

"ఎన్ని రోజులు అక్కా? నువ్వు చెప్పు, ఆగుత."

స్వరూప బల్ల మీది ఫైళ్లు పక్కకు జరిపి డబ్బాకు చోటు చేసింది.

"నా థీసిస్ కోసం మస్తు కొట్లాడినవ్ అక్కా," అంది నుజహత్, డబ్బా మూత తీస్తూ. "గా పేరా ఇప్పుడు నాకైతే పనికిరాదు. తర్వాత వచ్చెటోళ్లకు పనికొస్తది." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటేనే బాగుండేదనిపించింది స్వరూపకు. తిరిగి ఒక మాట అనేది, అంతటితో తేలికయ్యేది.

కొత్త వైస్ చాన్సలర్ వచ్చాక, ఆగస్టులో సంతకం అయింది. పరిశ్రమతో చేయి కలిపి నడుస్తున్నామని సభలో ఉపన్యాసాలు చెప్పారు. ప్రకాశం సారు కొత్త బట్టలు వేసుకొచ్చాడు. సభ అయ్యాక మెట్ల దగ్గర ఆగి, చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. "ఆ మెయిల్ నేను పెట్టకుండ ఉండాల్సింది స్వరూపమ్మా" అన్నాడు. "అవును సర్," అంది ఆమె. అంతకుమించి మర్యాద చేయాలనిపించలేదు.

ఆదివారం స్వరూప గులాం నబీ షెడ్డులో బస్తీవాళ్లను కూర్చోబెట్టి ఒప్పందం సంగతి చెప్పింది. బయట సన్నగా జల్లు పడుతోంది. ఫిబ్రవరిలో పూత వేస్తారు. ఎవరి ఇంటి వేడి లెక్క వాళ్లకు చెబుతారు. నీళ్లలో చెడ్డదేమన్నా తేలితే వెంటనే చెప్పాలి, దాచడానికి లేదు. "మిషన్ వచ్చినంక నీళ్లు పరీక్ష చేస్తరు ఎల్లమ్మా. అప్పటిదాక ఆ డ్రమ్ము నీళ్లు గిన్నెలకు, మొఖానికి వాడకుండ్రి."

ఎల్లమ్మ చెంపకు చేయి పెట్టుకుని అంతా వింది. "అంటే బిడ్డా, ఏడాది కొట్లాడి, మా ఇంటి ముచ్చట మాకు చెప్పనీకి పర్మిషన్ తెచ్చినవన్నట్టు."

అందరూ గొల్లున నవ్వారు. గులాం నబీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. స్వరూప వాళ్ల వైపు చూసింది. చెప్పడానికి చాలానే ఉంది: ఆ పేరా ఎన్నిసార్లు పోయి వచ్చిందో, దాని కోసం ఏమేం వదులుకోవాల్సి వచ్చిందో. ఎల్లమ్మ అన్న మాటలో మాత్రం ఎక్కడా తప్పు లేదు. అందుకే ఆమెకు ఒళ్లు మండింది.

"గంతే ఎల్లమ్మా," అంది. "గంతకే ఏడాది పట్టింది."